పిల్లవాడు కోరిన కంప్యూటరు: పెద్దలు వేయవలసిన లెక్క

2025 వేసవి సెలవులలో, మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకని తండ్రిగారు ఒక కాగితము చేతబట్టుకొని మా యొద్దకు వచ్చిరి. బెంగళూరు ఎస్.పి. రోడ్డులోని యొక దుకాణమువారు వ్రాసి యిచ్చిన అంచనా అది.

"మాస్టారూ, మావాడికి ఆటలాడే కంప్యూటరు కావాలట. రెండేళ్లు కట్టిన చీటీ పాడుకున్నాను, అరవై వేలు చేతికొచ్చింది. ఈ కాగితంలో ఒక్క ముక్క నాకర్థం కాలేదు. మీరు చూసి కట్టమంటే కడతాను" అనిరి. పిల్లవాడు తల వంచుకొని ప్రక్కనే నిలిచియుండెను.

కాగితము చూచితిమి. ప్రాసెసరు మేలిరకముది. క్యాబినెట్టునకు గాజు గోడయు, రంగుదీపములు గల నాలుగు ఫ్యానులును కలవు. గ్రాఫిక్సు కార్డు మాత్రము ఎన్నడో పాతబడినది. ర్యాము 16 గిగాబైట్లు, అదియు ఒకే స్టిక్కుగా. ఎస్.ఎం.పి.ఎస్. అను చోట "500 వాట్లు" అని తప్ప కంపెనీ పేరు లేదు. మోనిటరు ఊసే లేదు. పెండ్లికి విడిది, మేళము, దీపాలంకారము అన్నియు కుదిర్చి, వంటవానికి బయానా ఇయ్య మరచినట్లుండెను. ఆ కాగితమును ప్రక్కన బెట్టి, తండ్రీకొడుకులను కూర్చుండబెట్టుకొని మరియొక కాగితము వ్రాసితిమి. అటుపిమ్మట నలుగురైదుగురు తల్లిదండ్రులు ఇదే ప్రశ్న మమ్మడిగిరి గనుక ఆ లెక్కను ఇచట విపులముగా చెప్పుచున్నాము.

ఆటల కంప్యూటరనగా వేరొక జాతి యంత్రము కాదు. జాబులు వ్రాయుట, పాఠములు చూచుట, లెక్కలు వేయుట అన్నియు దానిమీదనే జరుగును. భేదమంతయు బొమ్మ గీయుటలో నున్నది. సాధారణమైన మోనిటరు తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. గుణించి చూచిన 20,73,600 చుక్కలు. ఆట సాగుచుండగా ఈ చుక్కలన్నింటికి సెకనునకు 60 మారులు క్రొత్తగా రంగు వేయవలెను. ఎదుటివాడెచట నున్నాడు, బంతి యెటు పోవును అను నిర్ణయము ప్రాసెసరుది. రంగులు వేయు కూలి గ్రాఫిక్సు కార్డుది. 2560×1440 తెరపై చుక్కలు 36,86,400. ఫోర్‌కే యని పిలువబడు 3840×2160 తెరపై 82,94,400, అనగా మొదటి తెరకు సరిగా నాలుగింతలు. తెర పెరిగినకొలది కార్డు పెరుగవలెను. కార్డు పెరిగినకొలది దానికి కరెంటు నందించు ఎస్.ఎం.పి.ఎస్. పెరుగవలెను. కావున అంచనాను తెర యొద్దనుండి ఆరంభించి వెనుకకు నడిపింపవలెను. మోనిటరు ఊసే లేని అంచనా పునాది లేని ఇంటి ప్లానువంటిది. మొదటి కంప్యూటరునకు 24 అంగుళముల 1920×1080 తెర చాలునని మా అభిప్రాయము.

పిమ్మట పిల్లవానినే అడుగవలెను: ఏ ఆటలు? వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ వంటివి చిన్న యంత్రముపై కూడ చక్కగా నడచును. 2020లో వెలువడిన సైబర్‌పంక్ 2077 వంటివి కార్డును పిండివేయును. పూనాలో తయారై అదే సంవత్సరమున విడుదలయిన "రాజీ" యను ఆటను గూర్చి మావాడు మాతో ఉత్సాహముగా చెప్పెను. తమ్ముని వెదకుచు పోవు ఆడపిల్ల కథ అది. తండ్రిగారు ఆనాటివరకు ఈ ఆటలన్నియు తుపాకుల ఆటలేయని తలచియుండిరట.

ఇక సొమ్ము పంపకము. ధరలు వారమునకొక తీరుగ మారును గనుక రూపాయలు చెప్పిన లాభము లేదు. పెద్దలు మరువని పదునారణాల లెక్కనే చెప్పెదము. రూపాయిలో అయిదణాలు గ్రాఫిక్సు కార్డునకు, నాలుగణాలు ప్రాసెసరు, మదరుబోర్డు రెంటికి గలిపి, రెండున్నర అణాలు మోనిటరునకు, అణాన్నర ర్యామునకు, ఎస్.ఎస్.డి., ఎస్.ఎం.పి.ఎస్., క్యాబినెట్టులకు అణా చొప్పున. కీబోర్డు, మౌసు ఇంటనున్న పాతవే. ఆనాడు మేము వ్రాసినది ఇట్లుండెను. తరువాత 2025 చివరి నెలలలో, కృత్రిమ మేధకై కట్టు పెద్ద పెద్ద డేటా కేంద్రములు మెమొరీ చిప్పులను కొనివేయుటచే ర్యాము ధరలు ఆకాశమునంటినవి. అప్పుడు కొన్నవారికి ఆ అణాన్నర చాలలేదు. అట్టి సమయమున కొరత పడిన దానిని క్యాబినెట్టునుండి తీయుడు, రంగుదీపములనుండి తీయుడు, 144 హెర్ట్జుల మోనిటరునకు బదులు 100 హెర్ట్జులది కొనుడు. ఎస్.ఎం.పి.ఎస్. అణాను మాత్రము ముట్టకుడు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పుటకు కారణమున్నది. నాలుగేండ్ల క్రిందట మా కార్యాలయపు కంప్యూటరులో ఎస్.ఎం.పి.ఎస్. చెడినది. ఊరక జాబులు వ్రాయు యంత్రమే గదా యని, పేరు లేని చవుక పెట్టె నొకదానిని మేమే కొని తెచ్చి బిగించితిమి. మూడు నెలలకు ఒక సాయంకాలము కరెంటు పోయి వచ్చినంతనే టప్పుమని శబ్దము, కాలిన వాసన. ఎస్.ఎం.పి.ఎస్. ఒంటరిగా పోలేదు, మదరుబోర్డును, డిస్కును వెంట గొనిపోయినది. ఆ డిస్కులో మూడేండ్ల వార్షికోత్సవముల ఛాయాచిత్రములుండెను. వేరొక చోట ప్రతి యుంచకపోవుట మా తప్పే. మిగిల్చిన సొమ్ము రమారమి వేయి రూపాయలు.

గోడలోనుండి వచ్చు 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి యంత్రమునకు తినిపించునదే ఎస్.ఎం.పి.ఎస్. మంచి దానిలో వోల్టేజి హద్దు మీరినను, ఎచటనైన షార్టు అయినను తనంత తానే ఆగిపోవు రక్షణలుండును. చవుక పెట్టెలలో వీనినే తగ్గింతురు. చేతబట్టి చూచినను తేలికగా తోచును. "80 ప్లస్" అను ముద్ర మంచిదే కాని, గోడనుండి లాగిన కరెంటులో వృథా ఎంత తక్కువ యని చెప్పుటకే ఆ ముద్ర. రక్షణకు పూచీ కాదు. కంపెనీ పేరును, వారంటీ యెన్ని యేండ్లో కూడ చూడవలెను. శక్తి లెక్క సులభము. మావానికి కుదిర్చిన రైజెన్ 5 5600 ప్రాసెసరు 65 వాట్ల తరగతిది, ఆర్.ఎక్స్. 6600 కార్డు 132 వాట్లది. తక్కినవన్నియు గలిపి 50 వేసికొన్నను 250కి లోపే. దానికి 550 వాట్ల మంచి ఎస్.ఎం.పి.ఎస్. ధారాళముగా చాలును, రేపు పెద్ద కార్డు వచ్చినను తట్టుకొనును. పేరు లేని 750 కన్న పేరున్న 550 మేలు.

ప్రాసెసరు విషయమున రెండు దారులున్నవి. ఏ.ఎం.4 అను గాడి పాతది, డి.డి.ఆర్.4 ర్యాము వాడును, చవుక. 2022లో వచ్చిన ఏ.ఎం.5 గాడి డి.డి.ఆర్.5 ర్యామునే వాడును. ముందు ముందు క్రొత్త ప్రాసెసర్లు వేసికొనుటకు వీలెక్కువ. ఒకదాని ర్యాము మరియొకదానిలో ఇమడదు. ఇంటెల్ వారివి కొనదలచినచో సంఖ్య చివర "ఎఫ్" అను అక్షరమున్నదేమో చూడుడు; ఉన్నచో దానిలో బొమ్మ చూపు శక్తి లేదని అర్థము, కార్డు లేనిదే తెర వెలుగదు. ర్యాము 16 గిగాబైట్లయినను 8 చొప్పున రెండు స్టిక్కులుగా కొనవలెను. ఒకే ద్వారమున బండ్లు పోవుటకును రెండు ద్వారములనుండి పోవుటకును గల తేడాయే ఇచటను. ఎస్.ఎస్.డి. 500 గిగాబైట్లతో ఆరంభింపవచ్చును గాని, ఒక్కొక్క ఆటయే 100 గిగాబైట్లు మ్రింగు రోజులివి.

చేతిలో అంత సొమ్ము లేనివారు నిరాశ పడనక్కరలేదు. రైజెన్ 5 5600జి, 8600జి వంటి ప్రాసెసర్లలో బొమ్మ గీయు భాగము లోపలనే యుండును. మొదట కార్డు లేకుండ యంత్రమును కట్టి, ఏడాదికో రెండేండ్లకో కార్డు చేర్చవచ్చును. చిన్న ఆటలకు ఇది చాలును. అయితే ఇట్టి ప్రాసెసరు బొమ్మలకై ర్యామునే అరువు తెచ్చుకొనును గనుక రెండు స్టిక్కుల నియమము ఇచట మరింత ముఖ్యము. ఎస్.ఎం.పి.ఎస్.ను మాత్రము రేపటి కార్డును దృష్టిలో నుంచుకొని మొదటనే తగినది కొనవలెను. ఆపై లోకువగా తోచినను, అప్పు చేసి ఒకేసారి కొనుటకన్న మాకు ఈ పద్ధతియే నచ్చును.

వాడిన కార్డులు చవుకగా దొరకును. 2022 సెప్టెంబరులో ఎథీరియం అను డిజిటల్ నాణెమునకు కార్డులతో పని లేకుండపోగా, రేయింబవళ్లు ఆ పనిలో నడచిన కార్డులెన్నో సంతకు వచ్చినవి. వాడినది కొనువారు తమ కన్నుల యెదుట అరగంటసేపు బరువైన ఆటను నడిపించి చూచి కొనవలెను. క్రొత్తవి కొనువారు 18 శాతము జి.ఎస్.టి.తో కూడిన బిల్లు అడుగవలెను. ప్రతి భాగముయొక్క సీరియల్ నంబరును దానిపై వ్రాయింపవలెను. "బిల్లు లేకుంటే తగ్గిస్తాం" అను మాటకు లొంగినచో వారంటీని అచటనే వదలుకొన్నట్లు.

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో భద్రతా సవరణలు నిలిచినవి గనుక విండోస్ 11 ఖర్చును కూడ లెక్కలో వేయుడు. లినక్స్ ఉచితము, దానిమీద నేడు ఎన్నో ఆటలు నడచును. కాని వాలరెంట్ నడువదు. మరియొక మాట. డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టముచే నిషేధించినది. మనమిచట చెప్పుకొను ఆటలు అవి కావు. అయినను కంప్యూటరును పిల్లవాని గదిలో గాక నలుగురు తిరుగు హాలులో నుంచుడని మేమడిగినవారికెల్ల చెప్పుచున్నాము.

మావాని భాగములు వచ్చిన పిదప ఒక ఆదివారము తండ్రీకొడుకులే కూర్చుండి బిగించిరి. స్క్రూడ్రైవరొకటి తప్ప వేరు పనిముట్టుతో అవసరము లేకపోయెను. పట్టుబట్టలు, ఉన్నిబట్టలు వలదనియు, ప్రతి భాగమును ముట్టుటకు ముందు క్యాబినెట్టు ఇనుమును తాకుమనియు, ర్యాము టక్కుమనువరకు నొక్కుమనియు ఒక చీటీ వ్రాసి యిచ్చితిమి. గోడనున్న మూడు రంధ్రముల ప్లగ్గునకు ఎర్తింగు సరిగా నున్నదో లేదో ముందుగా ఎలక్ట్రీషియనుచే చూపించుడని కూడ అందులో వ్రాసితిమి. అది లేని యిండ్లలో క్యాబినెట్టును తాకిన చేయి చిమచిమలాడును.

సాయంకాలము ఆరు గంటలకు ఫోను వచ్చినది. ఫ్యానులు తిరుగుచున్నవట, తెర మాత్రము నల్లగా నున్నదట. పిల్లవాని గొంతులో ఏడుపు తొంగిచూచుచుండెను. మేము సమాధానము చెప్పబోవునంతలో వెనుకనుండి తండ్రిగారి గొంతు వినబడినది: "ఒరేయ్, మాస్టారి చీటీలో చివరి మాట చూడరా. మోనిటరు తీగ బోర్డుకు కాదు, కార్డుకు పెట్టాలట!" ఒక నిమిషము నిశ్శబ్దము. తరువాత ఇంటిల్లిపాది కేకలు వినబడినవి. ఫోను పెట్టివేయుట కూడ మరచిరి.