బావమరిది కాంట్రాక్టరైతే?

అపోహలు – వాస్తవాలు

ప్రభుత్వ పని అధికారి బంధువుకో, నాయకుడి కంపెనీకో దక్కిందంటే రచ్చబండ మీద రెండు తీర్పులు తయారుగా ఉంటాయి. ‘డబ్బు తిన్నట్టు రుజువేదీ?’ అనేది ఒకటి, ‘పదవి ఊడాల్సిందే’ అనేది రెండోది. నిబంధనలు ఈ రెండింటితోనూ ఏకీభవించవు.

అపోహ: లంచం తీసుకోకపోతే అధికారి తప్పు చేయనట్టే.

వాస్తవం: కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి (1964) నాలుగో నియమం లంచం ఊసెత్తదు. తన కుటుంబ సభ్యులు పనిచేసే సంస్థకు గానీ, తనకో వారికో ప్రయోజనం ఉన్న వ్యవహారంలో గానీ కాంట్రాక్టు మంజూరు చేయకూడదంటుంది. ఆ ఫైలు పై అధికారికి పంపాలి. తానే సంతకం పెడితే అదే ఉల్లంఘన. తక్కువ రేటుకే ఇచ్చాననడం సాకు కాదు.

అపోహ: ఏ బంధువైనా ఆ నియమం కిందికే వస్తాడు.

వాస్తవం: అందులో ‘కుటుంబం’ చిన్నది. జీవిత భాగస్వామి, ఆధారపడ్డ పిల్లలు, పూర్తిగా ఆధారపడ్డ ఇతర బంధువులు, అంతే. సొంత వ్యాపారమున్న బావమరిది రాడు. కానీ కేంద్ర ప్రజాపనుల శాఖ టెండరు షరతు అతణ్ని వదలదు. జూనియర్ ఇంజినీరు (జేఈ) నుంచి సూపరింటెండింగ్ ఇంజినీరు (ఎస్‌ఈ) దాకా ఏ హోదాలోనైనా దగ్గరి బంధువెవరైనా ఉన్న సర్కిల్‌లో కాంట్రాక్టరు టెండరు వేయకూడదు. అత్తింటివారూ ఆ లెక్కలోకి వస్తారు. తప్పితే కాంట్రాక్టరు పేరు ఆమోదిత జాబితాలోంచి పోవచ్చు.

అపోహ: ప్రభుత్వ కాంట్రాక్టుంటే ఎంపీ, ఎమ్మెల్యే పదవి పోతుంది.

వాస్తవం: ప్రజాప్రాతినిధ్య చట్టం (1951) 9ఎ సెక్షన్ సరుకుల సరఫరాకు, పనుల నిర్వహణకు తాను చేసుకున్న ఒప్పందాలకే వర్తిస్తుంది. ఎంపీకి కేంద్రంతో, ఎమ్మెల్యేకి రాష్ట్రంతో ఉన్నవే లెక్క. పని పూర్తయి బిల్లులు మాత్రమే రావాల్సి ఉంటే అనర్హత లేదు. గనుల లీజు దీని కిందికి రాదని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: మంత్రి తన వ్యాపారాన్ని భార్య పేరుకు మారిస్తే చాలు.

వాస్తవం: కేంద్ర, రాష్ట్ర మంత్రుల ప్రవర్తనా నియమావళి దాన్ని ఒప్పుకోదు. వ్యాపారం ప్రధానంగా ప్రభుత్వ లైసెన్సులు, లీజుల మీదే నడిచేదైతే యాజమాన్యం, నిర్వహణ రెండూ వదులుకోవాలి. భార్య లేదా భర్త మినహా, తాను మంత్రి కాకముందు నుంచే ఆ వ్యాపారంతో సంబంధమున్న, వయసొచ్చిన బంధువుకు మాత్రం ఇవ్వచ్చు. అంటే ముందు నుంచే ఆ వ్యాపారంలో ఉన్న, వయసొచ్చిన కొడుకుకు రాసిచ్చినా నియమావళి పాటించినట్టే. పైగా అది చట్టసభ చేసిన చట్టమూ కాదు. జూనియర్ ఇంజినీరు బావమరిదికి పడిన అడ్డు అలాంటి మంత్రి కొడుక్కి లేదు.