బొడిపెల భాష

మా శ్రీనగర్ కాలనీని గురించి వ్రాసేవాళ్లు సాధారణంగా సినిమావాళ్ల మేడల గురించీ, నిర్మాతల ఆఫీసుల గురించీ వ్రాస్తారు. నేను కాలిబాటను గురించి వ్రాయబోతున్నాను. ఇదేం విషయమండీ అని పాఠకులు పేజీ తిప్పెయ్యకుండా వుంటే అంతే చాలు.

నా దగ్గర బి.ఏ. చదివే కుర్రవాడొకడున్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఛందస్సంటే ప్రాణం. నేను చదివే పద్యంలో యతి తప్పితే ఠక్కున పట్టేస్తాడు. కళ్లున్న మిగతావాళ్లు పుస్తకంలో తల దూర్చి కూర్చుంటారు. ఆదివారాలు మా యింటికి రమ్మన్నాను. "ఎవరినైనా తోడు తెచ్చుకో" అంటే, "వద్దు సార్, నేనే వస్తాను" అన్నాడు.

పదింటికి రావలసినవాడు పదకొండున్నరకు వచ్చాడు. మోకాలి దగ్గర పంట్లాం చిరిగి రక్తం కారుతోంది. మా అమ్మ గాభరాగా పసుపు తెచ్చింది.

"ఎక్కడ పడ్డావు నాయనా?"

"కాలిబాట మీదే, మామ్మగారూ" అన్నాడు నవ్వుతూ.

మరుసటి వారం నేనే యూసుఫ్‌గూడ మెట్రో స్టేషనుకు ఎదురు వెళ్లాను. అక్కడ నాకొక వింత కనిపించింది. స్టేషనులో అతను నాకంటే వేగంగా నడుస్తున్నాడు! నేలమీది పసుపుపచ్చ పలకలు అలంకారం కాబోలు అనుకున్నాను యిన్నాళ్లూ. వాటికొక భాష వుంది. పొడుగు గీతలుంటే 'సాగిపో' అని. గుండ్రటి బొడిపెలుంటే 'ఆగు, ముందు మెట్లో మలుపో వుంది' అని. కర్రతోనూ పాదంతోనూ చదువుకుంటారు. సెయిచి మియాకే అనే జపాను ఆయన 1965లో వీటిని కనిపెట్టాడు. 1967లో ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర, రోడ్డు దాటేచోట, మొదటిసారి పరిచారు.

స్టేషను బయటికి వచ్చామో లేదో ఆ భాష కాస్తా ఆగిపోయింది. కాలిబాట మొదట్లోనే ట్రాన్స్‌ఫార్మరు. దాటితే యిడ్లీ బండి. పొట్టకూటికి పెట్టుకున్న బండిని తిట్టడానికి మనసొప్పలేదు. అడ్డంగా నిలిపిన మోటారు సైకిళ్లను మాత్రం తిట్టుకున్నాను. కొంతదూరం పోయాక పచ్చ పలకలు మళ్లీ కనిపించాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. కుర్రవాడు మాత్రం పక్కకు తప్పుకున్నాడు. ఎందుకా అని ముందుకు వెళ్లి చూద్దును గదా, ఆ పలకలు తిన్నగా పోయి ఒక యినుప స్తంభం మొదట్లో ఆగాయి!

"పలకలు లేనిచోట జాగ్రత్తగా వుంటాను సార్. వున్నచోటే, నమ్మి పడ్డాను."

కర్రతో నడవడం అతను శిక్షణ పొంది నేర్చుకున్నదే. మా కాలనీకి దగ్గర్లో, బంజారాహిల్స్‌లో, ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వుంది. సినిమా పెద్ద ప్రసాద్‌గారి విరాళంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో స్థాపించారు. చూపు తిరిగి రాదని తేలినవారికి స్వయంగా తిరగడం నేర్పే విభాగం కూడా అక్కడుంది. నేర్పేవాళ్లు నేర్పుతున్నారు సరే, బాట ఏదీ?

చట్టం లేదా అంటే నిక్షేపంగా వుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రజలు వాడే భవనాలను అయిదేళ్లలో అందరికీ అనువుగా మార్చమన్నది. ఆ గడువు 2022లోనే దాటింది. రాజీవ్ రాతూరి అనే చూపులేని పెద్దమనిషి 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పింది. యీ ప్రమాణాలు యిష్టముంటే పాటించే సలహాలు కావు, కనీసపు నియమాలను తప్పనిసరి చేసి మూడు నెలల్లో ప్రకటించండి అన్నది. కోర్టు కోరగా దేశంలోని పరిస్థితిని పరిశీలించి నివేదిక యిచ్చింది మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయం వారే.

ఆ మాటకొస్తే, ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు వుండాలి. మా అమ్మ పెన్షను తీసుకునే బ్యాంకులో వున్నది జారుడుబల్ల. మోకాళ్ల నొప్పులతో ఆమె అటు వెళ్లడమే మానేసింది.

స్తంభం సంగతి అర్జీ వ్రాసి పట్టుకెళ్లాను. ఆఫీసులో ఆయన మర్యాదగానే చదివి, "ఆ దారిన చూపులేనివాళ్లు ఎంతమంది నడుస్తారండీ?" అన్నాడు. "ఒక్కడు నడిచాడు, పడ్డాడు" అన్నాను. అర్జీ తీసుకుని ముద్ర వేశాడు.

మొన్న ఆదివారం పది కొట్టకముందే అమ్మ గేటు దగ్గర నిలబడింది. పదీ యిరవైకి కర్ర చప్పుడు వినిపించింది.

"స్తంభం తీశారా నాయనా?"

"లేదు మామ్మగారూ. అక్కడింకా యతి తప్పుతూనే వుంది."