జమ్మి నీడన ఎడారి పల్లె: థార్ ఇళ్ల నీళ్లు, పెరడు, పశువులు, తిండి

దసరా నాడు మనం మొక్కే జమ్మి చెట్టునే రాజస్థాన్ ఎడారి పల్లెల్లో ఖేజ్‌డీ అంటారు. కన్నడంలో బన్ని, తమిళంలో వన్ని అన్నా ఇదే చెట్టు. మనలో చాలామందికి ఏడాదికి ఒక్కరోజే గుర్తొచ్చే ఈ చెట్టు అక్కడ ఏడాది పొడవునా చేలో, మేకల దొడ్లో, వంటింట్లో పనికొస్తుంది. పావగడ, బళ్ళారి, రాయచూరు మెట్ట ఊళ్లలో తరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు నీటి ఎద్దడి కొత్త కాదు. మనకంటే సగం వాన కూడా పడని చోట జనం ఎలా బతుకుతున్నారో, ఆ బతుకుకు ఇప్పుడు ఏం ముప్పు వచ్చిందో, అందులో మనకు పనికొచ్చేదేమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

వాన తక్కువ, జనం ఎక్కువ

థార్ అంటే జైసల్మేర్, బాడ్‌మేర్, బీకానేర్, జోధ్‌పూర్ ప్రాంతాలు. సరిహద్దు దాటి సింధ్ దాకా సాగుతుంది. జైసల్మేర్‌లో ఏడాది వాన సగటున 200 మిల్లీమీటర్ల లోపే. అది కూడా జూలై నుంచి సెప్టెంబరు లోపు కొద్ది రోజుల్లో పడిపోతుంది. అయినా ప్రపంచంలోని ఎడారులన్నిటిలో జనం ఒత్తుగా ఉన్న వాటిలో ఇదొకటి.

ఇళ్లు ఒకచోట గుంపుగా ఉండవు. పొలాల మధ్య నాలుగైదు ఇళ్లుగా విడివిడిగా ఉండే చిన్న పల్లెను ఢాణీ అంటారు. మట్టి, పేడతో అలికిన గుండ్రటి గోడలు, గడ్డితో కప్పిన పైకప్పు ఉన్న గుడిసె ఝూంపా. గుండ్రంగా ఉండటం వల్ల ఇసుక గాలి తగిలి పక్కకు జారిపోతుంది. మందపాటి మట్టి గోడ పగటి వేడిని లోపలికి తొందరగా రానివ్వదు. చుట్టూ ఎండిన రేగు కంప వేసి దడి కడతారు.

తాంకా లెక్క

ఎడారి ఇంటి అసలు ఆస్తి తాంకా. నేలలో గుండ్రంగా తవ్వి, లోపల గచ్చు చేసి, పైన కప్పు వేసిన నీళ్ల తొట్టి ఇది. దాని చుట్టూ నేలను నునుపుగా, తొట్టి వైపు వాలుగా చదును చేస్తారు. ఆ వాలును ఆగోర్ అంటారు. వాన రాకముందే ఆగోర్‌ను ఊడ్చి శుభ్రం చేస్తారు. పశువులను దాని మీదకు రానివ్వరు, చెప్పులతో తొక్కరు. నీళ్లు దిగే కంతలకు ముళ్ల కంపో, జాలీయో అడ్డం పెడతారు.

దీని లెక్క ఒకసారి వేసి చూద్దాం. పది అడుగుల వెడల్పు, పది అడుగుల లోతు ఉన్న గుండ్రటి తొట్టిలో సుమారు 22 వేల లీటర్లు పడతాయి. ఆరుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు తలా 10 లీటర్ల చొప్పున రోజుకు 60 లీటర్లు వాడితే, ఆ నీళ్లు ఏడాది వస్తాయి. ఇక నింపడం సంగతి. 200 మిల్లీమీటర్ల వాన పడితే ఒక చదరపు మీటరు నేల మీద 200 లీటర్లు పడినట్టు. అందులో సగం ఇంకిపోయినా, ఆవిరైపోయినా, 220 చదరపు మీటర్ల ఆగోర్ ఉంటే తొట్టి నిండుతుంది. అంటే రెండు గుంటల నేలకు కాస్త ఎక్కువ.

స్నానానికి, బట్టలకు, పశువులకు ఈ నీళ్లు వాడరు. వాటికి ఊరి చెరువో, ఉప్పు బావో చూసుకుంటారు. గిన్నెలను ముందు బూడిదతోనో ఇసుకతోనో తోముతారు. స్నానం చేసిన నీళ్లు వృథా పోవు, అవి చెట్టు మొదట్లోకి వెళ్తాయి.

చేను, పెరడు

వాన పడగానే విత్తే మొదటి పంట సజ్జ. ఒక్క సజ్జే కాదు, దానితో పాటు పెసర, మోఠ్ అనే చిన్న పప్పుధాన్యం, నువ్వులు, గోరుచిక్కుడు కలిపి వేస్తారు. వాటి మధ్య నేల మీద పాకేలా పుచ్చ, దోస, మన బుడమకాయను పోలిన కాచరీ తీగలు వదులుతారు. ఒక పంట పోయినా ఇంకొకటి దక్కుతుందనే ధీమా ఇందులో ఉంది. మన రాయలసీమ రైతులు వేరుశనగలో కంది, అలసంద కలిపి వేసే పద్ధతి వెనక ఉన్నదీ ఇదే ఆలోచన.

జైసల్మేర్ ప్రాంతంలో ఖడీన్ అనే మరో ఏర్పాటు ఉంది. రాతి గుట్టల మీద పడిన వాన పల్లానికి వచ్చే చోట మట్టి కట్ట వేసి ఆపుతారు. నీళ్లు నేలలోకి ఇంకాక ఆ తేమ మీదే చలికాలంలో గోధుమ, శనగ పండిస్తారు. పాలీవాల్ బ్రాహ్మణులు శతాబ్దాల కిందట వృద్ధి చేసిన పద్ధతి ఇది. నేటికీ పనిచేస్తున్న ఖడీన్‌లు ఉన్నాయి.

చేలో జమ్మి చెట్లను నరకరు. దాని వేళ్లు చాలా లోతుకు పోతాయి కాబట్టి పంట నీళ్లకు పోటీ రాదు. రాలిన ఆకు ఎరువవుతుంది. చెట్టు కింద సజ్జ మరింత ఏపుగా వస్తుందని అక్కడి రైతులు తరాలుగా ఎరుగుదురు. చలికాలంలో కొమ్మలు కొట్టి ఆకును మేకలకు, ఒంటెలకు ఎండబెట్టి దాస్తారు. దీన్ని మన సర్కారు తుమ్మతో కలిపి పొరబడకూడదు. కర్ణాటకలో బళ్ళారి జాలి అనే ఆ చెట్టు బయటి దేశాల నుంచి వచ్చింది. అది తన చుట్టూ వేరే మొక్కను బతకనివ్వదు. జమ్మి అలా కాదు.

పశువులు ఇంటి మనుషులే

కరువు ఏడాది పంట పోతుంది, కానీ మేక మిగులుతుంది. అందుకే ఎడారి ఇంట్లో పశువే బ్యాంకు. మార్వాడీ మేకలు, గొర్రెలు, ఎండకు తట్టుకుని పాలిచ్చే థార్‌పార్కర్, రాఠీ ఆవులు అక్కడి జాతులు. మంద వెంట కుక్క తప్పదు. రాత్రి నక్కల నుంచి, తోడేళ్ల నుంచి మందను కాసేది అదే.

ఒంటెల పెంపకం రాయికా, రేబారీ కులాల వారి వృత్తి. 2012 పశుగణనలో దేశంలో 4 లక్షలున్న ఒంటెలు 2019 నాటికి సుమారు రెండున్నర లక్షలకు పడిపోయాయి. ట్రాక్టర్లు, జీపులు వచ్చాక బరువు మోసే పని తగ్గింది. మేత బీళ్లు కుంచించుకుపోయాయి. ఒంటెను కాపాడాలని 2015లో తెచ్చిన రాజస్థాన్ చట్టం వాటిని రాష్ట్రం దాటించడంపై ఆంక్షలు పెట్టడంతో బేరమూ పడిపోయిందని పెంపకందార్లు వాపోతున్నారు.

అడవి జీవాలకూ ఊరిలో చోటుంది. 1485లో జాంభోజీ చెప్పిన 29 నియమాలను పాటించే బిష్ణోయిలు పచ్చని చెట్టును నరకరు, కృష్ణజింకను వేటాడనివ్వరు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ ఊళ్లో జమ్మి చెట్లను నరకడానికి రాజు మనుషులు వస్తే, అమృతాదేవితో మొదలై 363 మంది చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చారు. ఫలోదీ దగ్గర ఖీచన్ ఊరివాళ్లు చలికాలమంతా వేల కుర్జా పక్షులకు గింజలు వేస్తారు. వీరాపురం, కొక్కరె బెళ్లూరు కొంగలను కాపాడుకునే ఊళ్లను ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు.

పళ్లెంలో ఏముంటుంది

మందపాటి సజ్జ రొట్టె, పైన నెయ్యి, వెల్లుల్లి కారం, పక్కన మజ్జిగ. రోజువారీ భోజనం దాదాపు ఇంతే. సజ్జ పిండిని మజ్జిగలో కలిపి కాస్త పులియనిచ్చి, సన్న సెగ మీద కాస్తే రాబ్. ఎండాకాలం చల్లగా, చలికాలం వేడిగా తాగుతారు. మన అంబలికి అది అక్క వరుస.

పచ్చి కూరలు దొరికే కాలం తక్కువ కాబట్టి ఎండబెట్టడమే అక్కడి వంటింటి అసలు విద్య. జమ్మి లేత కాయలను సాంగ్రీ అంటారు. కేర్ అనే ముళ్ల పొద కాయలు చేదుగా ఉంటాయి కనుక, ఉప్పు నీళ్లలోనో మజ్జిగలోనో కొన్ని రోజులు నానబెట్టి, నీళ్లు మారుస్తూ చేదు తీస్తారు. ఈ రెండింటినీ ఎండబెట్టి, కావలసినప్పుడు నానేసి, ఉడికించి, నూనెలో ఎండు మిరపకాయలు, మామిడి ఒరుగు వేసి వేయిస్తే కేర్ సాంగ్రీ కూర. నీళ్లు తగలని ఈ కూర ప్రయాణంలోనూ కొన్ని రోజులు నిలుస్తుంది. కాచరీని ఎండబెట్టి పొడి చేసి, మనం చింతపండు వాడినట్టు పులుపుకు వాడతారు.

గమనించాల్సింది ఒకటుంది. సాంగ్రీ, కేర్ కాసేది మండు వేసవిలో, చేలో ఏమీ లేనప్పుడు. పొలం ఖాళీగా ఉన్న నెలల్లో చెట్టు తిండి పెడుతుంది. ఒకప్పుడు కరువు తిండి అనుకున్న ఎండు సాంగ్రీ ఇప్పుడు పట్టణాల్లో జీడిపప్పు ధరకు తక్కువ కాకుండా అమ్ముడవుతోంది.

బీడు అనుకుంటే వచ్చే నష్టం

ఈ బతుకంతా ఆధారపడింది ఊరుమ్మడి బీళ్ల మీద. దేవుడి పేరున వదిలిన అలాంటి బీళ్లను ఓరణ్ అంటారు. అక్కడ పశువులు మేయవచ్చు, చెట్టు మీద గొడ్డలి పడకూడదు. కానీ కాగితాల మీద వీటిలో చాలావాటికి బంజరు అనే పేరే ఉంది. సౌర విద్యుత్ కేంద్రాలకు భూమి వెతికినప్పుడు మొదట కళ్లబడేది బంజరే. 2,245 మెగావాట్ల భడ్లా సౌర పార్కు ఈ ఎడారిలోదే. ప్లాంట్ల కోసం జమ్మి చెట్లు నరుకుతున్నారని బీకానేర్ వైపు బిష్ణోయిలు ఆందోళనలు చేశారు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఓరణ్‌లను సర్వే చేసి అడవులుగా గుర్తించాలని రాజస్థాన్ ప్రభుత్వాన్ని ఆదేశించింది.

తెలుగు ఇళ్లు ఎక్కువగా ఉన్న పావగడ తాలూకాలోనూ ఇలాంటి కథే ఉంది. తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం చుట్టుపక్కల సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు ఉంది. ఇక్కడ భూమి కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలయ్యే కౌలుకు తీసుకున్నారు. వేరుశనగ వేసి వరుసగా నష్టపోయిన పట్టాదారుకు అది ఊరటే. కౌలు రానిది భూమి లేని కూలీకి, మేకలు కాసేవాడికి. కరెంటు కావాలి, అందులో సందేహం లేదు. అయితే ఎవరి మేత పోతోందో ముందే లెక్కలోకి రావాలి.

మన ఇళ్లకు పనికొచ్చేవి

మొదటిది నీళ్లు. పావగడ వైపు ఏటా వాన 500 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న మిద్దె మీద పడే వానలో ఐదో వంతు పోయినా సుమారు 22 వేల లీటర్లు చేతికొస్తాయి. ఎడారి కుటుంబం ఏడాదంతా తాగేది అంతే. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో ఇది పళ్లను, ఎముకలను కాపాడే సంగతి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, వాన నీటిలో మాత్రం అది దాదాపు ఉండదు. మిద్దె ఊడ్చి, మొదటి వాన నీళ్లు బయటికి వదిలి, తొట్టికి మూత, జాలీ పెట్టి పట్టుకోవాలి. తాగే ముందు కాచుకోవాలి.

రెండోది జమ్మి. గట్టు మీద ఉన్న చెట్టును నరకకుండా కొమ్మలు మాత్రం కొట్టుకుంటే ఆకు మేకలకు పనికొస్తుంది, లేత కాయ కూరకు పనికొస్తుంది. కాయ కోసేముందు అది సర్కారు తుమ్మ కాదని ఊళ్లో తెలిసిన పెద్దల చేత నిర్ధారించుకోండి.

మూడోది ఒరుగులు. గోరుచిక్కుడు, బుడమకాయ, మామిడి ఒరుగులు మన అమ్మమ్మలకు తెలిసిన పనే. ఆ పద్ధతులు గుర్తున్నవాళ్లు ఇంట్లో ఉండగానే పిల్లల చేత ఒక వేసవి చేయిస్తే, అవి మరో తరం నిలుస్తాయి.