ఈ-పుస్తక పఠన పరికరం

ఈ-పుస్తక పఠన పరికరం అనగా ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న పుస్తకాలను చదువుకొనుటకే ప్రత్యేకంగా రూపొందించిన చేతి పరికరం. వ్యవహారంలో దీనిని ఈ-బుక్ రీడర్ లేదా ఈ-రీడర్ అంటారు. కంప్యూటరు, ట్యాబ్లెట్, సెల్‌ఫోను వంటివాటిలోనూ పుస్తకాలు చదువవచ్చును గాని, అవి అనేక పనులకు ఉద్దేశించినవి. ఈ పరికరానిది ఒక్కటే పని. ట్యాబ్లెట్లు వచ్చిన తరువాత ఇది అంతరించగలదని పలువురు భావించినప్పటికీ నేటికీ నిలిచి ఉంది. అయితే తెలుగు పాఠకునికి దీనివలన కలిగిన ప్రయోజనం పరిమితమే.

చరిత్ర

1998లో అమెరికాలో రాకెట్ ఈ-బుక్, సాఫ్ట్‌బుక్ అను పరికరాలు విడుదలయ్యాయి. వీటిలో సాధారణ ద్రవస్ఫటిక తెరలను వాడారు. పుస్తకాల కొరత, అధిక ధర కారణంగా ఇవి ఎక్కువకాలం నిలువలేదు. 1997లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన పరిశోధకులు ఈ-ఇంక్ సంస్థను స్థాపించి ఎలక్ట్రానిక్ సిరాను అభివృద్ధి చేశారు. ఈ సిరా తెరతో మొదటి పఠన పరికరమైన లిబ్రియేను సోనీ సంస్థ 2004లో జపానులో విడుదల చేసింది. 2007 నవంబరు 19న అమెజాన్ సంస్థ కిండిల్‌ను 399 డాలర్ల ధరకు విడుదల చేసింది. తీగతో పని లేకుండా పుస్తకాన్ని నేరుగా పరికరంలోనికి కొని తెచ్చుకొను సదుపాయం దీని ప్రత్యేకత. 2009లో నూక్, 2010లో కోబో వెలువడ్డాయి.

2010లో యాపిల్ సంస్థ ఐప్యాడ్‌ను విడుదల చేసిన తరువాత ఈ-రీడర్ల భవిష్యత్తుపై సందేహాలు బయలుదేరాయి. 2014లో సోనీ ఈ వ్యాపారం నుండి తప్పుకొన్నది. 2023 జూన్ 30న చైనాలో కిండిల్ పుస్తక విక్రయశాల మూతబడింది. అయినను 2024లో కోబో, కిండిల్ రెండూ రంగుల తెర గల పరికరాలను విడుదల చేశాయి.

పనిచేయు విధానం

ఎలక్ట్రానిక్ సిరా తెరలో అతి సూక్ష్మమైన గుళికలు లక్షల సంఖ్యలో ఉంటాయి. ఒక్కొక్క గుళికలో పారదర్శక ద్రవం, అందులో ధనావేశం గల తెల్లని రేణువులు, ఋణావేశం గల నల్లని రేణువులు ఉంటాయి. విద్యుత్ క్షేత్రం దిశను బట్టి ఒక రకం రేణువులు పైకి, మరొక రకం అడుగుకు చేరుతాయి. ఆ విధంగా పుటపై అక్షరాలు ఏర్పడతాయి. ఒకసారి ఏర్పడిన పుట విద్యుత్తు లేకుండానే అట్లే నిలిచి ఉంటుంది. పుట మార్చునప్పుడు మాత్రమే తెరకు విద్యుత్తు అవసరం.

ఈ తెర కాగితం వలె బయటి వెలుతురును ప్రతిఫలింపజేస్తుంది. అందువలన ఎండలో కూడా అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. రాత్రివేళ చదువుటకు తెర అంచులలో చిన్న దీపాలు అమర్చిన నమూనాలు తరువాత వచ్చాయి. రేణువులు నెమ్మదిగా కదులుట వలన చలనచిత్రాలు చూచుటకు ఈ తెర అనుకూలం కాదు.

మనుగడకు కారణాలు

* విద్యుత్తు పొదుపు: ఒకసారి ఛార్జి చేసినచో వాడుకను బట్టి కొన్ని వారాలు పనిచేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా తీరాన్ని తాకినప్పుడు అనేక గ్రామాలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు. అటువంటి సమయాలలో సెల్‌ఫోనుకు, దీనికి గల తేడా తెలుస్తుంది.
* ఏకాగ్రత: చదువు మధ్యలో ఫోను పిలుపులు, సందేశాలు అడ్డురావు.
* వ్యాపార పద్ధతి: పరికరంపై లాభం స్వల్పమైనా పుస్తకాల అమ్మకంపై ఆదాయం వస్తుంది. కిండిల్ పరికరాలను అసలు ఖర్చుకే అమ్ముతున్నట్లు 2012లో అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ చెప్పారు.
* ఇతర ఉపయోగాలు: ఇవే తెరలు దుకాణాలలో ధరల చీటీలుగా కూడా వాడుకలోనికి వచ్చాయి. కనుక తెరల తయారీ కేవలం పాఠకులపైనే ఆధారపడి లేదు.

భారతదేశంలో

2010లో ఇన్ఫీబీమ్ సంస్థ పై అను పరికరాన్ని 9,999 రూపాయలకు విడుదల చేసింది. భారతీయ భాషల పుస్తకాలకు కూడా దీనిని ఉద్దేశించారు గాని, కొద్దికాలానికే విపణి నుండి కనుమరుగైంది. 2012 ఆగస్టులో కిండిల్ భారతదేశానికి వచ్చింది. 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలు కిండిల్‌లో చేరాయి. ఆ ఐదింటిలో తెలుగు లేదు.

తెలుగు పుస్తకాల సమస్య

ఈ-రీడర్ వలన ముఖ్య ప్రయోజనం అక్షరాల పరిమాణాన్ని పాఠకుడు తన చూపుకు తగినట్లు మార్చుకొనగలుగుట. అట్లు మార్చినప్పుడు పంక్తులు మరల సర్దుకోవాలి. దీనికి పుస్తకం బొమ్మ రూపంలో కాక, యూనికోడ్ పాఠ్యంగా ఉండాలి. తెలుగులో ఇందుకు మూడు ఆటంకాలు ఉన్నాయి.

మొదటిది లిపి. ఉదాహరణకు "స్త్రీ" అను అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాల వరుస. సకారానికి గుడిదీర్ఘం, తవత్తు, క్రారవడి సరైన చోట్ల అమర్చు సామర్థ్యం పరికరంలోని సాఫ్టువేరుకు లేనిచో అక్షరం ముక్కలుగా కనిపిస్తుంది. రెండవది ముద్రణ పద్ధతి. తెలుగు ప్రచురణకర్తలు దీర్ఘకాలం అను వంటి, యూనికోడ్ కాని ఖతులతో పుటలు కూర్చారు. ఆ ఫైళ్ళను మార్చి, దోషాలు దిద్దనిదే ఈ-పుస్తకాలుగా ఉపయోగపడవు. మూడవది పాత పుస్తకాల స్థితి. ఆచార్య రాజ్ రెడ్డి ప్రోత్సాహంతో సాగిన పది లక్షల పుస్తకాల ప్రణాళికలోను, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోను వేలాది తెలుగు గ్రంథాలు స్కాన్ అయ్యాయి. కాని అవి పుటల ఛాయాచిత్రాలు. ఆరు అంగుళాల తెరపై పుట మొత్తం చూపినచో అక్షరాలు మరీ చిన్నవవుతాయి. పెద్దవి చేసినచో పంక్తి తెర దాటిపోతుంది.

అరసవల్లి సూర్యదేవాలయం గల శ్రీకాకుళం నగరంలోనే కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన ఈ గ్రంథాలయం తెలుగు కథలను సేకరించి భద్రపరచుటకు ఏర్పడినది. దీని వెబ్‌సైటు ద్వారా కథల సూచీ, అనేక కథల స్కాన్ ప్రతులు దూరప్రాంతాల వారికి కూడా అందుబాటులోనికి వచ్చాయి. పాత పత్రికల కాగితం శిథిలమైనా కథ మిగులుటకు స్కాన్ ప్రతి తోడ్పడుతుంది. చూపు మందగించిన పాఠకుడు ఆ కథను ఈ-రీడర్‌లో సుఖంగా చదువుటకు మాత్రం అది పాఠ్యంగా మారాలి.

2005లో మొదలైన తెలుగు వికీసోర్స్‌లో ఈ పని జరుగుతున్నది. కాపీహక్కుల కాలం తీరిన పుస్తకాల స్కాన్ పుటలను యంత్రం చేత అక్షరాలుగా గుర్తింపజేసి, స్వచ్ఛంద సభ్యులు మూలంతో పోల్చి దిద్దుతారు. పూర్తయిన పుస్తకాన్ని ఈపబ్ రూపంలో దింపుకొనవచ్చును. 2010లో ఆరంభమైన కినిగె సంస్థ సమకాలీన రచయితల తెలుగు ఈ-పుస్తకాలను విక్రయించుటకు పూనుకొన్నది.

పరిమితులు

పరికరంలో కొన్న పుస్తకంపై పాఠకునికి పూర్తి యాజమాన్యం ఉండదు. 2009లో హక్కుల వివాదం కారణంగా జార్జ్ ఆర్వెల్ నవలల ప్రతులను అమెజాన్ కొనుగోలుదారుల కిండిళ్ళ నుండి తొలగించింది, తరువాత క్షమాపణ చెప్పింది. కొన్న పుస్తకాలను కంప్యూటరులోనికి దింపుకొను సదుపాయాన్ని అదే సంస్థ 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది. సంస్థ తాళం లేని ఈపబ్ ప్రతిని మాత్రం పాఠకుడు తనవద్దనే భద్రపరచుకొని, దానిని చదువగల మరొక పరికరంలోనికి మార్చుకొనవచ్చును.