ఎడమ కాలికీ ఒక వంతు



వానలు తప్పిన ఏడాది మా ఊరి చెరువు పిల్లల ఆటస్థలమవుతుంది. మొన్న సాయంకాలము ఆ పగుళ్లిచ్చిన నేలమీద పిల్లలు బంతి తన్నుకొంటుండగా, కట్టమీద నిలబడిన ఒక తండ్రి మాతో, "వీనికి లెక్కలు రావు అయ్యగారూ. శెనక్కాయ పంట కూడా పోయింది. బడి మాన్పించి బెంగుళూరు పనికి తోడుకొని పోతా" అన్నాడు. కొడుకు ఆ మాట వింటూనే ఉన్నాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఇంటికి వచ్చాక హైదరాబాదు బడిపంతులు ఒకాయన మాకు జ్ఞాపకము వచ్చారు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, ఉపాధ్యాయుడై, తరువాత ఫుట్‌బాల్ శిక్షకుడయ్యారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానములో నిలిచింది.

ఓటమి కూడా ఆయనకు తెలుసు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన జట్టును 10–1 తేడాతో ఓడించింది. అంత ఓటమి తరువాత కూడా ఆయన నేర్పుట మానలేదు.

ఆయన నేర్పిన విధానము గమనించండి. కుడికాలి వాటమున్న ఆటగాడు ఎడమ కాలితోనే ఆడవలెనని, అంటే ఎవరికి ఏ కాలు బలహీనమో వారు ఆ కాలినే వాడవలెనని నియమము పెట్టి పోటీలు జరిపించేవారు. బంతిని తానే తిప్పుకొంటూ పోకుండా వెంటనే తోటివానికి అందించవలెనని మరికొన్ని పోటీలు. బలహీనమైన కాలును ఆయన తిట్టలేదు. దానికీ ఒక వంతు ఇచ్చారు.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాం ఆటను రహీం గారు చూశారు. శిక్షణకు రావడానికి ఆ కుర్రవానికి సైకిలు అద్దెకు కూడా డబ్బులు లేవు. ఆ అద్దె రహీం గారే ఇచ్చారని బలరాం గారు చెప్పుకొనేవారు. ఆ బలరామే 1956లో మెల్బోర్న్‌లో, 1962లో జకార్తాలో దేశము తరపున ఆడాడు.

జకార్తా నాటికి రహీం గారిని క్యాన్సరు పట్టుకొని ఉంది. అక్కడ మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిపోయారు. వెనుక కాపు కాచే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం గారు అతనిని ఇంటికి పంపలేదు. ముందు వరుసలో నిలిపారు. సెప్టెంబరు 4న తుది పోటీ. మన దేశముమీద కోపముగా ఉన్న ప్రేక్షకులు మైదానము నిండా ఉన్నారు. అదే కొరియాను మనవారు 2–1తో గెలిచారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు చేశారు. 1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు.

తల్లిదండ్రులారా, మన పిల్లలలో ఏది బలహీనమో మనకు బాగా తెలుసు; పదిమందిలో చెప్పడము కూడా తెలుసు. దానికి ఒక వంతు ఇచ్చామా అన్నదే ప్రశ్న. కరువు మన చేతిలో లేదు. పిల్లవాడు వింటుండగా వాని గురించి మనమేమి మాట్లాడుతామో అది మన చేతిలో ఉన్నది.

మరుసటి వారము మేము ఆ తండ్రి ఇంటికి వెళ్లి రహీం గారి సంగతి చెప్పాము. అప్పుల సంగతి ఆయనా చెప్పాడు. ఆ అప్పు తేలికైనది కాదు. చివరకు, "పరీక్షలయ్యే దాకా చూస్తాను" అన్నాడు. రాత్రిపూట లెక్కలు చెప్పడానికి మా సంఘములోని ఒక యువకుడు ఒప్పుకొన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు చెరువు వైపు చూశాము. ఆ కుర్రవాడు ఎడమ కాలితో బంతి తన్నుతున్నాడు. అది ఎటో పోయింది. మరల తెచ్చుకొని తన్నాడు.