బాతుపిల్ల గుడ్డులోంచి రాలేకపోతుంటే పెంకు ఒలిచేయొచ్చా?

అరకులో చలికాలం పొద్దున. ఇంక్యుబేటర్‌లో బాతుగుడ్డు పెట్టి 28 రోజులైంది. పెంకుకు చిన్న చిల్లు పడింది, లోపల్నుంచి కీచుకీచుమంటోంది. గంటలు గడుస్తున్నా పిల్ల మాత్రం బయటికి రాదు. మీ చెయ్యి ఊరుకుంటుందా? కాస్త ఆగండి!

చిల్లు పొడిచాక పిల్ల ఒక రోజు, ఒక్కోసారి రోజున్నర అలాగే ఉండిపోతుంది. అది బద్ధకం కాదు. పెంకు కింది పొరలో సన్నటి రక్తనాళాలుంటాయి. వాటిలోని నెత్తురంతా ఒంట్లోకి లాక్కోవాలి, మిగిలిన పచ్చసొనను పొట్టలోకి చేర్చుకోవాలి. ఆ సొనే దాని దారిబత్తెం. పుట్టాక ఒకటి రెండు రోజులు తిండి లేకున్నా అదే ఆధారం. తొందరపడి ఒలిస్తే నాళాలు తెగి నెత్తురు కారుతుంది.

మరి నిజంగానే ఇరుక్కుంటే? కొండమీది చలిగాలిని యంత్రం వేడిచేస్తే పొడిబారుతుంది. లోపల తడి చాలక పొర ఎండి పిల్లకు అతుక్కుంటుంది. గుడ్డమీద ఎండిన వడియాలను అమ్మమ్మ ఎలా తీస్తుంది? వెనకనుంచి నీళ్లు చల్లి కదా! ఇదీ అంతే. రెండు రోజులు కావస్తున్నా పిల్ల రాకపోతే, పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని, గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో పొరను మెల్లగా అద్దాలి. ముక్కు రంధ్రాలకు నీళ్లు తగలనివ్వద్దు. ఎర్రటి గీతలు కనిపించకపోతేనే చిల్లు చుట్టూ గోరంత పెంకు తీయాలి. ఒక్క ఎర్రచుక్క కనిపించినా చెయ్యి ఆపేసి, గుడ్డును మళ్లీ వెచ్చగా లోపల పెట్టేయాలి.