తాత్కాలికానికి తారీఖు ఏదీ?

2022 ఆగస్టు 28వ తేదీ ఆదివారం మధ్యాహ్నం రెండున్నర గంటలకు నోయిడా సెక్టార్ 93ఎలో రెండు ఆకాశహర్మ్యాలు నేలకూలిన దృశ్యాన్ని దేశం యావత్తూ టెలివిజన్ తెరపై చూచింది. సుమారు వంద మీటర్ల ఎత్తు, 3,700 కిలోల పేలుడు పదార్థం, పది పన్నెండు సెకన్ల పని. ఏడాది క్రితం, 2021 ఆగస్టు 31న, సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ విధంగా అమలయింది. బిల్డర్లకు ఇది గుణపాఠమన్నవారున్నారు. అంత సిమెంటు, అంత ఇనుము మట్టిపాలు చేయడమేమిటని నొచ్చుకున్నవారూ ఉన్నారు. మరునాటి పత్రికలలో ధూళిమేఘం ఫొటోకే అగ్రస్థానం. ఆ మేఘం విడిపోయిన తరువాత మిగిలిన సుమారు 80,000 టన్నుల శిథిలాల సంగతి మాత్రం లోపలి పేజీలకు, అక్కడి నుంచి క్రమంగా మరుపులోకి వెళ్ళిపోయింది.

ఈ వారం లేఖ ఆ లోపలి పేజీల వార్తను గురించి.

నోయిడా సెక్టార్ 80లో కూల్చివేత వ్యర్థాలను శుద్ధి చేసి మళ్ళీ వాడుకకు తెచ్చే కర్మాగారం ఒకటి ఉన్నది. దానిని నడిపే సంస్థ మన హైదరాబాదు కేంద్రంగా గల రీ సస్టెయినబిలిటీ, అంటే పూర్వపు రామ్‌కీ ఎన్విరో. ఆనాడు దాని శక్తి రోజుకు 300 టన్నులు. జంట భవనాల శిథిలాలలో అధిక భాగాన్ని అక్కడి నేలమాళిగలు పూడ్చడానికే వినియోగించి, సుమారు 30,000 టన్నులను ఈ కర్మాగారానికి తరలించాలన్నది ఏర్పాటు. మూడు నెలల్లో పని ముగుస్తుందన్నారు. కాగితం మీద లెక్క సరిపోయింది. 30,000 టన్నులను 300తో భాగిస్తే వంద రోజులు. అయితే ఆ వంద రోజులూ నోయిడా నగరంలో మరెవ్వరూ ఒక్క గోడ కూడా పడగొట్టకూడదు!

ఏ శుద్ధి కేంద్రానికైనా ఇటువంటి పరిస్థితి ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. రోజువారీ శక్తికి మించిన సరుకు ఒక్కసారిగా వచ్చి పడినప్పుడు పని గంటలైనా పెంచాలి, గుట్ట ఎత్తయినా పెంచాలి, లేదా సరుకును వాకిట్లోనే ఆపివేయాలి. మొదటి రెండింటికీ అనుమతి పత్రంలోని పరిమితులు అడ్డు వస్తాయి. మూడవదానికి ఏ పరిమితీ అడ్డు రాదు. ఆగిపోయిన లారీ చీకటి పడగానే యమునవైపు మళ్ళుతుంది, అంతే. యమున వరద మైదానంలో నిర్మాణ వ్యర్థాలు పారబోసినవారికి 50,000 రూపాయల జరిమానా విధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 జనవరిలోనే ఆదేశించింది. ఆదేశం ఉన్నది, నది ఒడ్డున గుట్టలూ కనిపిస్తూనే ఉన్నాయి.

ఢిల్లీలో ఈ శిథిలాలను ‘మల్బా’ అంటారు. రాజధానిలో నివసించే తెలుగువారికి ఈ మాట వచ్చిన మొదటి ఏడాదిలోనే పరిచయమవుతుంది. కొన్నేళ్ళ క్రితం నా అద్దె ఇంటి స్నానాల గది మరమ్మతుకు వచ్చినప్పుడు ముప్పయి గోతాల మల్బా పోగయింది. మేస్త్రీ ఒక టెంపోవాణ్ణి పిలిచాడు. రాత్రి పదకొండు గంటలకు వచ్చి, డబ్బు లెక్కపెట్టుకొని, గోతాలు ఎత్తుకొని వెళ్ళిపోయాడు. ఎక్కడికని నేను అడగలేదు. అడగకపోవడానికే ఆ డబ్బు ఇచ్చానేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. నిర్మాణ వ్యర్థాలపై కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రత్యేక నిబంధనలు జారీ చేసినప్పుడు వాటిని గురించి ఈ పత్రికకు వార్త పంపినవాడిని కూడా నేనే!

దేశంలో ఇటువంటి మొదటి శుద్ధి కేంద్రం వెలసింది కూడా ఢిల్లీలోనే. 2009లో బురాడీ వద్ద రోజుకు 500 టన్నుల శక్తితో ప్రారంభమై, తరువాత 2,000 టన్నులకు ఎదిగింది. శాస్త్రి పార్కు, రాణీఖేడా, బక్కర్‌వాలా కేంద్రాలు తరువాత వచ్చాయి. అక్కడ జరిగే పనిలో మర్మమేమీ లేదు. వచ్చిన లారీని తూచి దింపుతారు. గుడ్డలు, ప్లాస్టిక్, కర్ర ముక్కలను మనుషులే ఏరుతారు. ఇనుప చువ్వలను అయస్కాంతం లాగుతుంది. మిగిలినది క్రషర్ దవడల మధ్య నలిగి, జల్లెడలపై పడి, కంకరగా, ఇసుకగా విడిపోతుంది. కడిగిన నీటిలో చివరకు మిగిలే సన్నని బురదకు మాత్రం గిరాకీ తక్కువ. కంకర, ఇసుకలతో కాలిబాటల ఇటుకలు, రోడ్డు అంచు రాళ్ళు పోస్తారు. 2019లో ప్రారంభమైన సుప్రీంకోర్టు అదనపు భవన సముదాయంలో ఇటువంటి ఇటుకలను వాడారు. ఒకరి ఇంటి గోడ అత్యున్నత న్యాయస్థానంలో గోడ కావడం మంచి విషయమే.

ఇటువంటి యార్డు గేటు బయట అర్ధగంట నిలబడితే చాలు, పరిమితులు ఎందుకు విధించారో ఎవరూ చెప్పనక్కరలేదు. నీళ్ళు చల్లుతూనే ఉంటారు, ధూళి లేస్తూనే ఉంటుంది. క్రషర్ చప్పుడు చెవులలో కంటే ఛాతీలో ఎక్కువ వినిపిస్తుంది. శబ్ద నియంత్రణ నిబంధనల ప్రకారం పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75 డెసిబెళ్ళు, రాత్రి 70. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45. కాని ఢిల్లీలో పారిశ్రామిక ప్రాంతం ఎక్కడ ముగిసి నివాస ప్రాంతం ఎక్కడ మొదలవుతుందో మాస్టర్ ప్లాన్ పటం ఒక విధంగా చెబుతుంది, నేల మరొక విధంగా చెబుతుంది. కేంద్రం పెట్టిననాడు పొలమో బీడో అయిన చోట పదేళ్ళలో మూడంతస్తుల ఇళ్ళు లేస్తాయి. ఆ ఇళ్ళకు అనుమతులు ఉన్నాయా అన్న ప్రశ్న వేరు. వాటిలో నిద్రపోయే పిల్లల ఊపిరితిత్తులు మాస్టర్ ప్లాన్ చదవవు.

ఇందులో ఒక చిక్కుముడి కూడా ఉన్నది. నగరంలోకి భారీ లారీలకు పగటిపూట ఆంక్షలు. అందువల్ల మల్బా రాత్రి కదులుతుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నివాస ప్రాంతాలలో చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలను నడపరాదని 2010లో శబ్ద నిబంధనలకు సవరణ వచ్చింది. సరుకు వచ్చే వేళకు చప్పుడు చేయరాదు. చప్పుడు చేయదగిన వేళకు సరుకు రాదు. మధ్యలో గుట్ట పెరుగుతుంది. గుట్ట ఎత్తుకు కూడా హద్దు ఉన్నది కనుక, ‘తాత్కాలికంగా సడలించండి’ అన్న విజ్ఞప్తి అధికారి బల్ల మీదికి చేరుతుంది.

శీతాకాలం ఈ ముడిని ఇంకా బిగిస్తుంది. గాలి విషమించినప్పుడు దశలవారీ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం కట్టడాలూ కూల్చివేతలూ చాలావరకు నిలిపివేస్తారు. 2024 నవంబరులో అలా పని పోయిన కూలీలకు కార్మిక సెస్సు నిధి నుంచి భృతి చెల్లించాలని సుప్రీంకోర్టు పరిసర రాష్ట్రాలను కూడా ఆదేశించవలసి వచ్చింది. ఆంక్షలు ఎత్తివేయగానే ఆగిన గోడలన్నీ ఒకేసారి కూలడం మొదలవుతుంది. అప్పుడు యార్డు ముందు లారీల బారును ఊహించుకోవచ్చు.

కనుక సడలింపు అనగానే కుట్ర అని నేను అనను. మల్బా యార్డుకు చేరకపోతే నదికి చేరుతుంది. ఒక పెద్ద కూల్చివేత తరువాత రెండు మూడు నెలలు అదనపు గంటలు పని చేయనివ్వడం, గుట్టను కొంత ఎత్తు పెరగనివ్వడం న్యాయమే కావచ్చు. కాని సడలింపు కోరేవారిని మొదట అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. గుట్ట పెరిగింది లోపలికి వచ్చిన సరుకు వల్లనా, బయటికి పోని సరుకు వల్లనా? ఈ రెండింటికీ చాలా తేడా. శుద్ధి చేసిన కంకరను పరిమిత నిష్పత్తిలో కాంక్రీటులో వాడవచ్చునని భారతీయ ప్రమాణాల సంస్థ 2016లోనే అంగీకరించింది. సాదా కాంక్రీటులో 25 శాతం, తక్కువ స్థాయి ఇనుప కాంక్రీటులో 20 శాతం వరకు. మరుసటి ఏడాది రోడ్ల పనులకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు వెలువరించింది. అయినా ప్రభుత్వ ఇంజనీర్లకు కొండను తొలిచిన రాతి మీదే మమకారం. ఒక శాఖ తయారు చేయించిన ఇటుకలను మరొక శాఖ కొనకపోతే అవి యార్డులోనే పేరుకుంటాయి. ఆ స్థలాభావాన్ని చూపి పరిమితి సడలించమంటే, ఒక కార్యాలయపు సోమరితనానికి పక్క వీధివారి చేత ధూళి మింగించడమే అవుతుంది.

రెండవ ప్రశ్న తేదీని గురించి. ఈ విషయంలో ఢిల్లీ చరిత్ర ధైర్యం కలిగించేది కాదు.

ఘాజీపూర్ చెత్తకొండ సంగతి తీసుకుందాము. 1984లో మొదలైన ఆ డంపు 2002 నాటికే నిండిపోయింది. ఎత్తుపై హద్దు 20 మీటర్లు. వేరొక స్థలం దొరికేవరకు అంటూ లారీలు పోస్తూనే వచ్చాయి. 2017 సెప్టెంబరు 1న కొండలో ఒక భాగం విరిగి పక్కనున్న కాలువలోకి జారింది, ఇద్దరు మరణించారు. ఆ తరువాత కూడా పోత ఆగలేదు. 2019లో ఎత్తు 65 మీటర్లు! కుతుబ్ మినార్ 73 మీటర్లు కనుక, పత్రికలవారికి పోలిక వెతుక్కునే శ్రమ కూడా తప్పింది. ఇరవై మీటర్ల హద్దును రద్దు చేస్తున్నామని ఏ అధికారీ ఏనాడూ ప్రకటించలేదు. హద్దు హద్దుగానే ఉన్నది, కొండ కొండగానే పెరిగింది.

పోనీ, అది మునిసిపల్ కార్పొరేషన్ నిర్వాకమనుకుందాము. పార్లమెంటు ఏమి చేసింది? అక్రమ కట్టడాల కూల్చివేతలు, దుకాణాల సీలింగు కల్లోలం రేపిన 2006లో ఢిల్లీకి ప్రత్యేక నిబంధనల చట్టం తెచ్చింది. ఒక్క ఏడాది ఊరట, ఆలోగా శాశ్వత విధానం. ఏడాది గడిచింది. 2007లో మరొక చట్టం, 2009లో మరొకటి, 2011లో మరొకటి, ఆ పైన పొడిగింపుల మీద పొడిగింపులు. 2023 డిసెంబరులో దానిని 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు. కాంగ్రెస్ హయాంలో మొదలై బి.జె.పి. హయాంలోనూ కొనసాగిన ఏకాభిప్రాయాలు అరుదు. వాటిలో ఇది ఒకటి. ఆ చట్టం లక్షల కుటుంబాల గూడును కాపాడిన మాట నిజమే. దానిని నేను తేలికగా తీసివేయడం లేదు. కాని ఏడాదికని ఇచ్చిన సడలింపు రెండు దశాబ్దాల ఆయుర్దాయం పొందిన నగరంలో, యార్డు పక్కన ఉండేవాడు ‘మూడు నెలలే’ అన్న మాటను ఎందుకు నమ్మాలి?

తెలుగునాట పరిస్థితి ఇందుకు భిన్నమేమీ కాదు. కూల్చివేత ఎవరు చేశారు, ఎవరి మీద చేశారు అన్నదే మన రాజకీయాలకు కావలసినది. 2019 జూన్‌లో కూల్చిన ఉండవల్లి ప్రజావేదిక శిథిలాలు 2024 జూన్‌లో ముఖ్యమంత్రి వెళ్ళి చూచేనాటికీ అక్కడే పడి ఉన్నాయి. 2024లో హైదరాబాదులో హైడ్రా బుల్‌డోజర్లు కదిలినప్పుడు ఎఫ్‌.టి.ఎల్. హద్దులను గురించి జరిగినంత చర్చ మల్బాను గురించి జరగలేదు. జీడిమెట్లలోను, ఫతుల్లాగూడలోను శుద్ధి కేంద్రాలున్నాయి కనుక మనకూ ఈ ప్రశ్నలు దూరమైనవి కావు.

చట్టంలో ఇందుకు ఒక నమూనా లేకపోలేదు. రాత్రి పది తరువాత లౌడ్ స్పీకర్లు నిషేధం. అయితే పండుగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం పన్నెండు వరకు అనుమతించవచ్చు. ఏడాదిలో మొత్తం 15 రోజులకు మించరాదు. ఆ రోజులేవో ముందుగానే ప్రకటించాలి. 2005లో ఈ సడలింపును పరిశీలించిన సుప్రీంకోర్టు, దాని పరిమితత్వాన్ని చూచే దానిని నిలబెట్టింది. వినాయక చవితి మైకుకు వర్తించే నియమం క్రషర్‌కు ఎందుకు వర్తించకూడదు? ఎన్ని టన్నులకు, ఏ కూల్చివేత నుంచి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రాత్రి ఎన్ని గంటల దాకా అన్న వివరాలు హిందీలో రాసి గేటుకు తగిలిస్తే చాలు. గడువు తీరిననాడు పొడిగింపు కావాలంటే పక్క వీధివారిని పిలిచి వారి ఎదుట అడగాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేటట్లు కేంద్రం 2025లో జారీ చేసిన కొత్త నిబంధనలు 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉండే కట్టడాల యజమానులపై శుద్ధి బాధ్యత మోపాయి. దానితో యార్డులకు చేరే సరుకు పెరగవలసి ఉన్నది, కనుక సడలింపు కోరే విజ్ఞప్తులు కూడా పెరుగుతాయి.

కిందటి చలికాలం చివర నగరం అంచున ఒక యార్డుకు వెళ్ళాను. గేటుకు ఎదురుగా బీహారు నుంచి వచ్చిన ఒక వృద్ధుని టీ దుకాణం. గ్లాసుల మీద తడిగుడ్డ కప్పి, అడిగినవారికి గుడ్డ ఎత్తి ఒక్కొక్కటే తీసి ఇస్తున్నాడు. రాత్రిళ్ళు కూడా యంత్రం నడుస్తున్నదా అని అడిగాను. “కొన్నాళ్ళేనట, బాబూజీ” అన్నాడు.

“ఎప్పటి వరకు?”

“అది మీరే లోపల అడిగి చెప్పాలి. మమ్మల్ని గేటు దాటనివ్వరు.”

లోపల అడిగాను. అక్కడి ఉద్యోగి మర్యాదస్థుడు, కుర్చీ వేసి మంచినీళ్ళు ఇప్పించాడు. ఉత్తర్వు పై కార్యాలయంలో ఉంటుందని, తేదీ తనకు తెలియదని చెప్పాడు. తిరిగి వచ్చి టీ దుకాణం ముందు నిలబడితే వృద్ధుడు నా ముఖం చూచి మరేమీ అడగలేదు. గుడ్డ ఎత్తి ఇంకొక గ్లాసు తీశాడు.